కిరణానికి పొడవెంత? ఆరో తరగతిలో రేఖ, కిరణం, రేఖాఖండం, తలం బోధనపై ఒక కేస్ స్టడీ

ఆరో తరగతి గణితంలో ప్రాథమిక జ్యామితీయ భావనల అధ్యాయాన్ని చాలా చోట్ల తొందరగా ముగించదగిన పాఠంగానే చూస్తారు. బిందువు, రేఖాఖండం, రేఖ, కిరణం, తలం అనే మాటలకు నిర్వచనాలు రాయించి, బొమ్మలు గీయించి, ఖాళీలు పూరించే ప్రశ్నలు నాలుగు చేయిస్తే పాఠం అయిపోతుంది, యూనిట్ పరీక్షలో మార్కులూ బాగానే వస్తాయి. ఇబ్బంది బయటపడేది ఆ తరువాత. కోణాన్ని కొలవవలసి వచ్చినప్పుడు, రెండు రేఖలు సమాంతరమా కాదా అని తేల్చవలసి వచ్చినప్పుడు పిల్లలు తడబడతారు; ఆ తడబాటుకు మూలం ఈ చిన్న అధ్యాయంలో ఉందని అప్పటికి ఎవరికీ తట్టదు. హైదరాబాదులోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ఒక ఆరో తరగతి సెక్షనుకు ఈ అధ్యాయాన్ని బోధించిన తీరును, పిల్లలు ఇచ్చిన జవాబులను, ఆ జవాబులను బట్టి పాఠం నడిచిన దారిని ఇక్కడ నమోదు చేస్తున్నాను. పాఠశాల పేరు, పిల్లల పేర్లు ఇవ్వడం లేదు.

తరగతి గురించి కొంత చెప్పాలి. పిల్లల్లో ఎక్కువమంది పాలమూరు, నల్లగొండ వైపు నుంచి పని కోసం నగరానికి వచ్చిన కుటుంబాల వారు. తండ్రులు తాపీ మేస్త్రీలు, ఆటో డ్రైవర్లు, సెంట్రింగు పనివారు. తల్లుల్లో చాలామంది ఇళ్ళలో పనికి వెళతారు. 2022-23 విద్యా సంవత్సరం నుంచి తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల్లో ఇంగ్లిషు మీడియం ప్రవేశపెట్టి, ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లిషుగా ద్విభాషా పుస్తకాలు ఇస్తున్నందున, పిల్లలు రేఖ అని ఒకసారి, లైన్ అని ఒకసారి అంటారు. దానివల్ల నాకు ప్రత్యేకంగా ఇబ్బంది ఎదురుకాలేదు. ఇబ్బంది వేరే చోట ఉంది.

పాఠానికి ముందు అడిగిన ప్రశ్నలు

పాఠం మొదలుపెట్టే ముందు పిల్లలకు తలా ఒక కాగితం ఇచ్చి కొన్ని ప్రశ్నలకు జవాబులు రాయమన్నాను. నిర్వచనాలు అడగలేదు. నిర్వచనం కంఠస్థం చేసిన పిల్లవాడికీ, విషయం తెలిసిన పిల్లవాడికీ తేడా చూపలేని ప్రశ్న వేసి ప్రయోజనం లేదు. బాణం గుర్తు ఉంటే గీత ఆ వైపు ఇంకా సాగుతుందని, చుక్క ఉంటే అక్కడితో ఆగుతుందని ఐదో తరగతిలో విన్నదాన్ని మాత్రం ఒకసారి గుర్తుచేశాను.

మొదటి ప్రశ్నకు బోర్డు మీద రెండు బొమ్మలు గీశాను. ఒకటి జానెడు పొడవున గీసి, రెండు చివరలా బాణం గుర్తులు పెట్టిన రేఖ. రెండోది మూరెడు పొడవున గీసి, రెండు చివరలా చుక్కలు పెట్టిన రేఖాఖండం. వీటిలో ఏది పొడవైనదని అడిగితే దాదాపు అందరూ రెండోదే అన్నారు. తరువాత రెండు రేఖలను కొంచెం ఏటవాలుగా, ఒకదానివైపు ఒకటి వంగుతున్నట్టు గీసి, అవి తగులుకోకముందే నాలుగు వేళ్ళ ఎడంలో ఆపి, బాణం గుర్తులు పెట్టి, ఇవి కలుస్తాయా అని అడిగాను. "కలవలే సార్, నడుమ జాగ ఉన్నది" అన్నది ఎక్కువ మంది జవాబు. ఒక సన్నని చుక్క, దాని పక్కన సుద్దముక్కను అదిమి తిప్పి పెట్టిన పెద్ద చుక్క చూపి, దేనిగుండా ఎక్కువ గీతలు గీయవచ్చంటే, పెద్ద చుక్కలో చోటు ఎక్కువ కనుక అందులోంచే ఎక్కువ పోతాయన్నారు. ఏ అనే బిందువు దగ్గర మొదలై బీ, సీ అనే బిందువుల మీదుగా సాగే కిరణాన్ని గీసి, ఏబీ కిరణం, ఏసీ కిరణం ఒకటేనా వేరా అని అడిగితే, వేరు, ఏసీ పెద్దది అని రాశారు. తలాన్ని పుస్తకంలో వేసినట్టే సమాంతర చతుర్భుజంగా గీసి, దీనికి మూలలెన్ని అంటే నాలుగు అన్నారు. ఈ చివరి ప్రశ్నలో కొంత ఉచ్చు ఉన్నమాట నిజమే. మూలలెన్ని అని పంతులు అడిగాడంటే మూలలు ఉండే ఉంటాయని పిల్లలు అనుకోవడం సహజం. అయినా, సార్, దీనికి మూలలు ఉండవు కదా అన్న గొంతు ఒక్కటి కూడా వినిపించకపోవడం గమనించదగినదే.

పైకి ఇవి వేర్వేరు తప్పులుగా కనిపించినా నా అంచనాలో ఇవన్నీ ఒకే తప్పు. పిల్లలు బొమ్మనే వస్తువుగా తీసుకొన్నారు. అలా తీసుకోవడం తెలివితక్కువతనం కాదు, ఎందుకంటే అప్పటిదాకా వారు నేర్చుకొన్న జ్యామితిలో అది సరిగ్గానే పనిచేసింది. త్రిభుజం గీస్తే బొమ్మలో త్రిభుజం మొత్తం ఉంటుంది, వృత్తం గీస్తే వృత్తం మొత్తం ఉంటుంది. రేఖ అలా కాదు. ఎంత పెద్ద బోర్డు మీద, ఎంత పొడవుగా గీసినా రేఖ బొమ్మలో రేఖ మొత్తం ఉండదు. ఉండేది దానిలోని ఒక ఖండం, దాని చివరన ఒక గుర్తు. ఆ గుర్తు బొమ్మలో భాగం కాదు, బొమ్మను ఎలా చదవాలో చెప్పే సూచన. నెదర్లాండ్స్‌కు చెందిన వాన్ హీలే దంపతులు 1957లో జ్యామితి నేర్చుకోవడంలో ఉండే స్థాయులను వివరించినప్పుడు, ఆకారాన్ని చూపుతో మొత్తంగా గుర్తుపట్టడాన్ని తొలి మెట్టుగా పెట్టారు. చతురస్రం, వృత్తం వంటివాటికి ఆ మెట్టు పిల్లవాడికి ఆసరా అవుతుంది. రేఖ, కిరణం, తలం విషయంలో అదే మెట్టు అడ్డం వస్తుంది, ఎందుకంటే ఇక్కడ తేడా చూపుకు అందేది కాదు. అందుకే, బోర్డు మీద గీసి ఇది రేఖ, ఇది కిరణం, ఇది రేఖాఖండం అని వరుసగా చూపించే పద్ధతిని నేను వదిలిపెట్టాను.

రేఖాఖండంతో మొదలు

పాఠ్యపుస్తకం బిందువు తరువాత రేఖాఖండాన్ని, దాని తరువాత రేఖను, ఆ తరువాత కిరణాన్ని పెడుతుంది. ఈ వరుస సరైనదని నా అభిప్రాయం. చాలామంది ఉపాధ్యాయులు రేఖతో మొదలుపెట్టి, రేఖలో ఒక ముక్క రేఖాఖండం అని దిగివస్తారు. తర్కం ప్రకారం అది పొందికగా ఉంటుంది కానీ పిల్లవాడు ఎన్నడూ చూడని దాన్నుంచి ఎప్పుడూ చూసేదాన్ని పుట్టించినట్టు అవుతుంది. ప్రాచీన గ్రీకు గణితవేత్త యూక్లిడ్ కూడా క్రీస్తుపూర్వం 300 ప్రాంతంలో తన స్వీకృతాలను, అంటే రుజువు అడగకుండా ఒప్పుకొనే మూల నియమాలను పేర్చినప్పుడు, ఏ రెండు బిందువులనైనా సరళంగా కలపవచ్చునన్నది మొదట చెప్పి, అలా కలిపిన పరిమితమైన గీతను సూటిగా ఇంకా పొడిగించవచ్చునన్నది రెండోదిగా చెప్పాడు. ఆయన దగ్గర ఉన్నది చేతికి అందే గీత, దానిని పొడిగించే అనుమతి. ఆరో తరగతి పిల్లవాడికి సరిపోయేది సరిగ్గా ఇదే.

అందువల్ల బడి ఆవరణలో పాఠం మొదలైంది. ఇద్దరు పిల్లలను ఎడంగా నిలబెట్టి, సుద్దపొడి పట్టించిన దారాన్ని బిగుతుగా లాగి పట్టుకోమని, మధ్యలో ఒకరు దానిని పైకి లాగి వదలమంటే నేల మీద తిన్నని తెల్ల గీత పడింది. గోడ కట్టేవారు గీత కొట్టే పద్ధతే ఇది కనుక తరగతిలో సగం మందికి తెలిసినదే. రెండు చివరలు ఉన్నాయి, టేపు పెట్టి కొలిచాము, కొలత వచ్చింది. ఆ చివరలను ఏ, బీ అనుకొంటే, ఏ నుంచి బీకి కొలిచినా, బీ నుంచి ఏకి కొలిచినా అదే కొలత. రేఖాఖండం గురించి అంతకంటే చెప్పనవసరం లేదు.

తరువాతి పని ఆ గీతను పొడిగించడం. దారం అయిపోయింది కనుక మూడు కర్రలు తెచ్చి, రెండింటిని గీత మీద పాతి, మూడోదాన్ని ముందుకు తీసుకువెళ్ళిన పిల్లవాడిని, వెనక కర్ర దగ్గర కూర్చొని ఒంటికన్నుతో చూస్తున్న పిల్లవాడు కుడికి, ఎడమకు జరుపుతూ, మూడు కర్రలూ ఒకదాని వెనక ఒకటి దాగి ఒకే కర్రలా కనిపించినప్పుడు ఆపించాడు. సర్వేయర్లు పొలంలో జెండా కర్రలు నాటే పద్ధతి ఇదే. అది కుదిరాక వెనక కర్రను పీకి ముందుకు తీసుకువెళ్ళి నాటడం, మళ్ళీ చూడడం. ఇలా ఎన్నిసార్లయినా చేయవచ్చునని పిల్లలకు రెండు మూడు కర్రలకే అర్థమైంది. మూడు బిందువులు ఒకే సరళరేఖ మీద ఉండడం, అంటే సరేఖీయం కావడం అనే మాటకు కూడా ఇక్కడే చోటు దొరికింది.

కర్రలు ప్రహరీ గోడ దాకా వచ్చి ఆగాయి. "అయిపోయింది సార్, గోడ అడ్డమొచ్చింది" అన్నారు. ఈ పాఠం మొత్తంలో నేను ముందుగా సిద్ధం చేసుకొని ఉంచుకొన్న ప్రశ్న ఒక్కటే, అది ఇక్కడ వేశాను: గోడ గీతకు అడ్డమా, మనకు అడ్డమా? కొంతసేపు వాదన జరిగింది. గోడ అవతల రోడ్డు ఉంది, అక్కడ కూడా కర్ర నాటవచ్చు అని ఒకరు, రోడ్డు మీద పోలీసు ఒప్పుకోడు అని ఒకరు, ఒప్పుకోకపోతే నాటలేం గాని నాటవలసిన చోటు ఐతే ఉన్నది కదా అని ఒక అమ్మాయి అన్నారు. ఆ అమ్మాయి చెప్పినదే రేఖ. నాటగలిగే చోటు ఎప్పుడూ ఇంకొకటి ఉంటుంది, నాటామా లేదా అన్నది వేరే సంగతి. తరగతికి తిరిగి వెళ్ళాక, బొమ్మ చివరన పెట్టే బాణం గుర్తుకు అర్థం "ఇక్కడ ఆగింది కాగితమే, గీత కాదు" అని పిల్లల చేతనే రాయించాను. భూమి గుండ్రంగా ఉంది కాబట్టి కర్రలు నాటుకుంటూ పోతే తిరిగి ఇక్కడికే వస్తాం కదా అని ఒక అబ్బాయి అడిగాడు. చాలా మంచి ప్రశ్న. మన చూపు నేలను పట్టుకొని వంగదు, సూటిగా పోతుంది, అందువల్ల గీత కొంత దూరం పోయాక నేలను వదిలి ఆకాశంలోకి పోతుందని చెప్పి, నేలను పట్టుకొని పోయే గీతల సంగతి పెద్ద తరగతుల్లో చూద్దామన్నాను.

కిరణం, సంఖ్యారేఖ

కిరణం చెప్పడానికి టార్చిలైటు, సూర్యుడు చాలామంది వాడే ఉదాహరణలు. నాకు అవి అంతగా నచ్చవు. టార్చి వెలుగు ముందుకు పోయేకొద్దీ విచ్చుకొంటుంది, గోడను తాకి ఆగిపోతుంది, దూరం పెరిగేకొద్దీ మసకబారుతుంది. ఈ మూడూ కిరణానికి లేని గుణాలే. లేజరు పాయింటరు వెలుగు సన్నగానే ఉంటుంది కానీ అరవై మంది పిల్లలున్న గదిలో దానిని బయటికి తీయడం కళ్ళకు ప్రమాదం.

పిల్లల దగ్గర అప్పటికే ఒక మంచి కిరణం ఉంది. పూర్ణాంకాల (0, 1, 2, 3...) అధ్యాయంలో సంఖ్యారేఖను సున్న దగ్గర మొదలుపెట్టి, కుడివైపు ఒకటి, రెండు, మూడు అని గుర్తిస్తూ చివర బాణం గుర్తు పెట్టి గీశారు. అది ఎందుకు పెట్టారని అడిగాను. సంఖ్యలు అయిపోవు కాబట్టి అన్నారు. చివరి సంఖ్య ఏదని అడిగితే నవ్వారు. ఎంత పెద్ద సంఖ్య చెప్పినా ఒకటి కలపవచ్చునని వారికి ఎప్పటినుంచో తెలుసు. సున్నకు ఎడమవైపు ఏముంది అంటే, పూర్ణాంకాలలో ఏమీ లేదు అన్నారు. మొదలు ఉంది, చివర లేదు. కిరణానికి అంతకు మించిన నిర్వచనం అక్కర్లేకపోయింది. ఆ సంవత్సరమే తరువాత పూర్ణసంఖ్యల అధ్యాయంలో రుణ సంఖ్యలు వచ్చి చేరినప్పుడు అదే బొమ్మ ఎడమవైపుకు కూడా తెరుచుకొని రేఖ అయింది. అంతం లేకపోవడమనే ఊహ జ్యామితిలో కొత్తగా పుట్టించవలసినది కాదని, అంకెల్లో పిల్లలకు ఉన్నదానినే ఇటు తెచ్చుకోవచ్చునని ఈ తరగతిలో నాకు స్పష్టమైంది.

ఆ తరువాత మొదటి రోజు ప్రశ్నను తిరిగి వేశాను. సున్న నుంచి రెండు మీదుగా పోయే కిరణం, సున్న నుంచి ఐదు మీదుగా పోయే కిరణం, ఈ రెండింటిలో ఏది పెద్దది? సంఖ్యలతో అడిగేసరికి చాలామంది వెంటనే పట్టుకొన్నారు: రెండు మీదుగా పోయేది ఐదు మీదుగా కూడా పోతుంది కదా, రెండూ ఒకటే. సున్న నుంచి ఐదు వైపు పోయేది, ఐదు నుంచి సున్న వైపు పోయేది మాత్రం ఒకటి కావు. వాటికి ఉమ్మడిగా ఉన్నది సున్నకూ ఐదుకూ మధ్య ఉన్న రేఖాఖండమే.

పేర్లు పెట్టే పనిని దీని వెంటనే చేయించాను. ఒక రేఖ మీద ఏ, బీ, సీ, డీ అనే నాలుగు బిందువులను వరుసగా గుర్తించి, రెండేసి అక్షరాలతో ఎన్ని పేర్లు రాయగలరో రాయమంటే పన్నెండు వచ్చాయి. ఇప్పుడు ఆ పన్నెండు పేర్లనూ రేఖాఖండాలుగా చదివితే ఉన్నవి 6 రేఖాఖండాలే, ప్రతిదానికీ రెండు పేర్లు. వాటినే రేఖలుగా చదివితే ఉన్నది ఒక్క రేఖ, పన్నెండూ దాని పేర్లే. కిరణాలుగా చదివితే మళ్ళీ 6 వస్తాయి, కానీ పేర్ల పంపకం సమంగా ఉండదు: ఏ నుంచి కుడికి పోయే కిరణానికి ఏబీ, ఏసీ, ఏడీ అని మూడు పేర్లు ఉంటే, బీ నుంచి ఎడమకు పోయే కిరణానికి బీఏ అని ఒకటే పేరు. ఈ అభ్యాసం మీద పిల్లలు నేననుకొన్న దానికంటే చాలా ఎక్కువ సేపు కూర్చొన్నారు. వెనక బెంచీ అబ్బాయి ఒకడు, ఏ నుంచి ఎడమవైపుకు పోయే కిరణం కూడా ఉంది కదా, దానికి పేరే లేదేమిటి అని అడిగాడు. అటువైపు ఇంకొక బిందువు గుర్తిస్తే తప్ప దానికి పేరు రాదు. అది పేరు లేనంత మాత్రాన లేకుండా పోదని ఆ పిల్లవాడు తనంతట తానే పోల్చుకోవడం ఈ అధ్యాయంలో నేను కోరుకొన్న ఫలితాల్లో ముఖ్యమైనది.

బిందువు గురించిన ప్రశ్న మాత్రం అంత సులభంగా తేలలేదు. పెద్ద చుక్కలో చోటు ఎక్కువ అన్న అభిప్రాయం గట్టిది. ఒక చుక్కగుండా గీతలు గీయిస్తే, కాసేపటికి చుక్క చుట్టూ సుద్ద ముద్దగా అయిపోయి, ఇక చోటు లేదని వారికి కళ్ళ ముందే రుజువవుతుంది. అందుకని రెండు గీతలు ఒకదానినొకటి దాటే చోటు చూపి, పెన్సిలును ఇంకా సన్నగా చెక్కి, అవే గీతలను మళ్ళీ గీయించి, దాటే చోటు ఎలా మారిందో చూడమన్నాను. గీత సన్నబడేకొద్దీ చుక్క చిన్నదవుతుంది కానీ స్థానం మారదు. బిందువు అంటే ఆ స్థానం. కొందరికి ఇది చేరింది, కొందరికి చేరలేదు. బిందువు అంటే అసలు ఏమిటో కచ్చితంగా చెప్పమని పట్టుబట్టిన అమ్మాయికి, భాగాలు లేనిది బిందువని యూక్లిడ్ చెప్పాడని, 1899లో హిల్బర్ట్ అనే జర్మన్ గణితవేత్త బిందువు, రేఖ, తలం అనే మాటలకు నిర్వచనాలు ఇవ్వడమే మానుకొని, వాటి మధ్య ఉండే సంబంధాలను మాత్రం నియమాలుగా చెప్పి జ్యామితిని కట్టాడని, తొమ్మిదో తరగతిలో ఆ అనిర్వచిత పదాల సంగతి వస్తుందని చెప్పాను. ఆమె పూర్తిగా తృప్తి పడలేదు, పడకపోవడమే మంచిది.

తలం: మేస్త్రీ బద్ద

తలం మీద ఈ తరగతిలో నేను మొదట అనుకొన్న దానికంటే ఎక్కువ సమయం వెచ్చించాను. పుస్తకంలో తలానికి గోడ, నేల, బల్ల ఉపరితలం వంటి ఉదాహరణలు ఇచ్చి ముందుకు పోతాము. కానీ ఒక ఉపరితలం తలమా కాదా అని ఎలా తేల్చాలన్న ప్రశ్నకు అక్కడ జవాబు లేదు. గోడ చదునుగా ఉందని ఎలా తెలుస్తుందని అడిగితే, తాపీమేస్త్రీ కొడుకు లేచి, "మా నాయిన బద్ద పెట్టి చూస్తడు సార్, సందు కనిపిస్తే మళ్ల రుద్దుతడు" అన్నాడు. పొడవాటి అల్యూమినియం బద్దను గోడకు ఆనించి, బద్దకూ గోడకూ మధ్య ఎక్కడైనా సందు ఉందేమో చూడడం ప్లాస్టరింగు పనిలో అలవాటే. ఒక్కవైపే పెట్టి చూస్తాడా అంటే, లేదు, నిలువుగా, అడ్డంగా, ఏటవాలుగా కూడా పెడతాడన్నాడు.

ఇంతకంటే మంచి పరీక్ష నేను ఇవ్వలేను. తలంలో ఏ రెండు బిందువులు తీసుకొన్నా, వాటిగుండా పోయే రేఖ మొత్తం ఆ తలంలోనే ఉంటుందన్నది హిల్బర్ట్ నియమాల్లో ఒకటి. మేస్త్రీ బద్ద చేసే పని దానిని చేతితో సరిచూడడమే. మరునాడు అందుకోసం ఒక తిన్నని బద్ద తెప్పించి, నేల మీద, బల్ల మీద, నీళ్ళ డ్రమ్ము మీద పెట్టించాను. డ్రమ్ము పక్కన బద్దను నిలువుగా పెడితే సందు లేకుండా ఆనుతుంది, అడ్డంగా తిప్పితే ఒక్క చోటే తగిలి రెండు వైపులా సందు కనిపిస్తుంది. అన్ని దిక్కులా తిప్పి చూడాలన్న షరతు ఎందుకో డ్రమ్మే చెప్పింది. కాగితాన్ని చుట్టితే అది తలమేనా అని ఒకరు అడిగితే, వారినే బద్ద పెట్టి చూడమన్నాను.

సైన్సు ల్యాబులో బీకరు కింద పెట్టే ముక్కాలి స్టాండు ఎగుడుదిగుడు నేల మీద పెట్టినా ఊగదు. తరగతిలోని నాలుగు కాళ్ళ స్టూలు మాత్రం ఒక కాలి కింద కాగితం మడిచి పెట్టేదాకా టకటకలాడుతూనే ఉంటుంది. ఒకే రేఖ మీద లేని మూడు బిందువులగుండా ఒకే ఒక తలం పోతుంది, నాలుగో బిందువు ఆ తలంలో ఉండవచ్చు, ఉండకపోవచ్చు. దీన్ని పిల్లలు వెంటనే ఒప్పుకొన్నారు, నేనూ దాని మీద ఎక్కువ ఆగలేదు.

ఆగవలసి వచ్చింది సమాంతర రేఖల దగ్గర. ఎంత పొడిగించినా కలుసుకోని రేఖలు సమాంతర రేఖలని బోర్డు మీద రాశాక, మెట్రో రైలెక్కి నగరమంతా తిరిగే అలవాటున్న అమ్మాయి ఒకతె, అమీర్‌పేట స్టేషను దగ్గర మియాపూరు నుంచి ఎల్బీనగరు పోయే పట్టాలు, నాగోలు నుంచి రాయదుర్గం పోయే పట్టాలు కలవవు కదా, అవి సమాంతరమా అని అడిగింది. రెండు మార్గాలూ అక్కడ వేర్వేరు అంతస్తుల్లో ఒకదానిపై ఒకటి దాటుతాయి. రైళ్ళు గుద్దుకోవు, పట్టాలు తగులుకోవు, కానీ దిక్కులు వేరు. మ్యాపులో చూస్తే అవి ఖండించుకొన్నట్టే కనిపిస్తాయి, ఎందుకంటే మ్యాపు ఆ రెండు అంతస్తులనూ ఒకే తలంలోకి అదిమేస్తుంది. సమాంతర రేఖల నిర్వచనంలో "ఒకే తలంలో ఉండి" అన్న మాట తప్పనిసరి అని, దాన్ని నేనిచ్చిన వాక్యంలోకి చేర్చి తిరిగి రాయవలసింది పిల్లలేనని చెప్పాను. ఒకే తలంలో లేకుండా కలుసుకోని రేఖలను విషమతలీయ రేఖలంటారు. ఆ పదం ఆరో తరగతి పరీక్షకు అక్కర్లేదు, కానీ ఆ రేఖలు గదిలోనే ఉన్నాయి. బోర్డు కింది అంచును, ఎదుటి గోడకున్న కిటికీ నిలువు అంచును పిల్లలే చూపించారు. ఆ తరువాత గదిలోని అంచుల్లో ఏ జత కలుస్తుంది, ఏ జత సమాంతరం, ఏ జత రెండూ కాదు అని జాబితా రాసే పనిలో గంట కొట్టినా కదలలేదు.

నోటు పుస్తకంలో, నాలుగు వేళ్ళ ఎడంలో ఆగిన ఆ రెండు రేఖల ప్రశ్నను ఇప్పుడు తిరిగి ఇచ్చాను. కొందరు స్కేలు పెట్టి పొడిగించారు. గీతలు పేజీ అంచు దాటిపోయే లెక్క ఇస్తే పక్కన ఇంకొక కాగితం అతికించి పొడిగించారు. ఒక జత మాత్రం ఎంతకీ కలవకుండా పోతుంటే, ఒకరు అతికించడం ఆపి, రెండు రేఖల మధ్య లంబ దూరాన్ని రెండు చోట్ల కొలిచి, దూరం మారలేదు కనుక కలవవని తేల్చారు.

కోణం దగ్గర తేలినది

ఈ అధ్యాయంపై పెట్టిన చిన్న పరీక్షలో ఫలితాలు బాగానే ఉన్నాయి. కానీ, మొదటే చెప్పినట్టు, ఈ అధ్యాయపు పరీక్షలో ఎప్పుడూ ఫలితాలు బాగానే ఉంటాయి కనుక దానిని నేను సాక్ష్యంగా తీసుకోవడం లేదు. కిరణం అర్థమైందో లేదో కోణంలో తేలుతుందని నా అభిప్రాయం, ఎందుకంటే ఒకే ఆది బిందువు ఉన్న రెండు కిరణాలతోనే కోణం ఏర్పడుతుంది. ఆది బిందువు శీర్షం, కిరణాలు భుజాలు. భుజాలు పొడవుగా గీస్తే కోణం పెద్దదవుతుందన్నది ప్రతి తరగతిలో వచ్చే పొరపాటు, దాన్ని ఉదాహరణల మీద ఉదాహరణలు చూపి తుడవడానికి ప్రయత్నిస్తాము. భుజం కిరణమని నిజంగా తెలిసిన పిల్లవాడికి భుజం పొడవు అనే మాటకే అర్థం ఉండదు.

కోణాల పాఠం మొదలుపెట్టిన రోజున ముందస్తు వివరణ ఏమీ ఇవ్వకుండా, పొట్టి భుజాలతో అరవై డిగ్రీల కోణాన్ని, దాని పక్కన చాలా పొడవైన భుజాలతో నలభై డిగ్రీల కోణాన్ని గీసి, ఏది పెద్దదని అడిగాను. తరగతిలో ఎక్కువమంది మొదటిదాన్ని చూపారు. ఎందుకని అడిగితే, "బాణాలున్నయి కద సార్, రెండూ పోతనే ఉంటయి" అన్న కారణం పలు నోళ్ళలో వినిపించింది. రెండోదాన్ని చూపినవారూ ఉన్నారు. వారిలో కొందరు కిరణం నిర్వచనం అడిగితే తడుముకోకుండా చెప్పగలిగినవారే.

కోణమానినితో కొలిచేటప్పుడు తేడా ఇంకా స్పష్టంగా కనిపించింది. భుజాలు పొట్టిగా ఉండి కోణమానిని అంచున ఉన్న అంకెల దాకా చేరకపోతే, మునుపటి తరగతుల్లో పిల్లలు చేతులు ముడుచుకొని, గీత సరిపోలేదని కూర్చొనేవారు, లేదా ఉజ్జాయింపుగా ఏదో అంకె రాసేవారు. ఈసారి చాలామంది నన్ను అడగకుండానే స్కేలు తీసి భుజాన్ని పొడిగించి కొలిచారు. అలా పొడిగించవచ్చునా, కోణం మారదా అని పక్కవాడు సందేహపడితే, అది ముందే అక్కడిదాకా ఉంది, నేను గీసి చూపించానంతే అని ఒక అబ్బాయి చెప్పిన మాటను అదే రోజు నా డైరీలో రాసుకొన్నాను.

మిగిలిపోయిన చిక్కులు రెండు. పెద్ద చుక్క, చిన్న చుక్కల భేదం కొందరిలో అలాగే ఉంది. దానికి ఏడో తరగతి దాకా ఆగవలసి వస్తుందేమో. రెండోది కొత్తగా పుట్టినది. బాణం గుర్తు కనిపించిన ప్రతిచోటా అంతం లేదని చదవడం మొదలైంది: సైన్సు పుస్తకంలో ఆహార గొలుసులో గడ్డి నుంచి మేకకు వేసిన బాణాన్ని, మ్యాపులో ఉత్తర దిక్కు చూపే బాణాన్ని కూడా ఇద్దరు ముగ్గురు కిరణాలన్నారు. దిక్కు బాణం విషయంలో వారి వాదన కొట్టిపారేయదగినదేమీ కాదు. ఆహార గొలుసు సంగతి మాత్రం సైన్సు మేడమ్ గారితో మాట్లాడి, ఒకే గుర్తు రెండు పుస్తకాల్లో రెండు పనులు చేస్తుందని, ఏ బొమ్మ కింద ఏ గుర్తుకు ఏ అర్థమో ముందుగా చూసుకోవాలని ఇద్దరమూ మా మా పీరియడ్లలో చెప్పడానికి ఒప్పుకొన్నాము. వచ్చే ఏడాదికి ఈ అధ్యాయపు యూనిట్ పరీక్షలో "కిరణం అనగానేమి" అన్న ప్రశ్న స్థానంలో, భుజాలు పొట్టిగా ఉన్న కోణాన్ని కొలవమనే ప్రశ్నను పెట్టాను.